డాక్టరు లేని ఆస్పత్రి, పరిష్కారమైన అర్జీ: పశుసంవర్ధక శాఖకు బహిరంగ లేఖ

పశుసంవర్ధక శాఖ ఉన్నతాధికారులకు, మా ప్రాంత ప్రజాప్రతినిధులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము వెలిగొండ కొండల కింద మెట్ట పల్లెల్లో గేదెలు, గొర్రెలు మేపుకుని బతికేవాళ్లం. మా మండల పశువుల ఆస్పత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది. పక్క మండలం డాక్టరునే ఇన్‌చార్జిగా పెట్టి నడుపుతున్నారు. ఆయన ఉండాల్సిన రోజుల్లో కూడా మీటింగులనీ డ్యూటీలనీ ఎక్కడెక్కడికో పంపుతున్నారు. ఇదంతా రాసి కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టుకున్నాం. కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే చేతికిచ్చిన కాగితంలో ఒకటే వాక్యం: ఇన్‌చార్జి పశువైద్యాధికారి సేవలు అందిస్తున్నారు. మేము సమస్య అని రాసిందే మాకు పరిష్కారంగా తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాం, మళ్లీ అదే జవాబు. ఇక నలుగురికీ తెలిసేలా అడగడం తప్ప దారి కనిపించక ఈ లేఖ రాస్తున్నాం.

ఇది డాక్టర్ల మీద ఫిర్యాదు కాదని ముందే చెప్తున్నాం. అర్జీ చూసి ఆ ఇన్‌చార్జి డాక్టరుకే మెమో ఇస్తారేమోనని మాలో కొందరు సంతకం పెట్టడానికి వెనకాడారు కూడా. మేము అడుగుతున్నది ఆ మనిషి తరఫున, మా తరఫున కలిపి. మా ఆస్పత్రికి వచ్చిన డాక్టర్లు ఎలాంటి ఇళ్ల నుంచి వచ్చారో, ఇక్కడ ఎలా బతికారో మీ ఫైళ్లలో ఉండదు. మీ దగ్గర ఉండేవి చేరిన తేదీ, రిలీవైన తేదీ, టార్గెట్టు. మిగతాది మాకు తెలుసు కాబట్టి ముందు అదే చెప్తాం.

చాలా ఏళ్ల కిందట మా దగ్గర ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. కౌలు రైతు కొడుకు. తొలకరి దుక్కి వేళ ఇంట్లో కాడెద్దు గొంతువాపు వచ్చి చనిపోతే, ఆ ఏడు సేద్యం ఆగిపోయి ఇల్లంతా కూలికి వెళ్లిన సంగతి ఆయనే చెప్పేవారు. తిరుపతిలో చదివారు. ఆ కాలేజీ 1955లో మొదలైంది. తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లి, 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా వచ్చేదాకా అక్కడే ఉంది. ఆయన ఆస్పత్రి వెనక క్వార్టర్సులోనే సంసారం పెట్టారు. పిల్లలు మా బళ్లోనే చదివారు. అర్ధరాత్రి తలుపు కొడితే లుంగీ మీదే బయటికొచ్చి, సంచీ తీసుకుని ఎవరి సైకిలు మీదైనా ఎక్కి వచ్చేవారు. వానలకు ముందే గొర్రెలకు చిటుక రోగం టీకా వేయించాలన్న సంగతి మా కాపరులకు అలవాటు చేసింది ఆయనే. ఇంతా చేసి ఆయనేమీ దేవుడు కాడు. కోపమెక్కువ. ఆకు పసరు పోసి, వాత పెట్టి, చివరాఖరికి ఆస్పత్రికి తోలుకొచ్చిన వాళ్లను నలుగురిలో తిట్టేవారు. ఆయన రిటైరయ్యాక క్వార్టర్సు స్లాబు పెచ్చులు ఊడింది. అప్పట్నుంచి అందులో ఎవరూ లేరు.

తర్వాత వచ్చిన వాళ్లలో మేము ఎక్కువగా తలుచుకునేది ఒక డాక్టరమ్మను. అనంతపురం వైపు గొర్రెల కాపరి ఇంటి పిల్ల. ప్రొద్దుటూరు కాలేజీలో చదివింది. వాళ్లింట్లో డిగ్రీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి. మందలో నిలబడి గొర్రె నడక చూసి ఏది రేపు పడిపోతుందో చెప్పేది. అయినా మొదట్లో మావాళ్లు నమ్మలేదు. సన్నగా ఉన్న ఈ అమ్మాయి గేదెకు కాన్పు చేస్తుందా అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఆ మాట అన్న ఇంట్లోనే ఒక రాత్రి మొదటి ఈత గేదె నొప్పులు పడుతూ ఈనలేక కూలబడింది. డాక్టరమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసి గర్భసంచి మెలిపడిందని చెప్పింది. గేదెల్లో ఇది తరచూ వచ్చేదే. బలంతో లాగితే తల్లీ దూడా రెండూ పోతాయి. మెలి ఎటుందో అటు పక్కకు గేదెను పడుకోబెట్టి, కాళ్లు కట్టించి, పొట్ట మీద చెక్క పలక వేసి దాని మీద ఒక మనిషిని నిలబెట్టి, మిగతావాళ్లతో గేదెను అటే దొర్లించింది. మళ్లీ చెయ్యి పెట్టి చూసింది. విడలేదు. మళ్లీ దొర్లించారు. మెలి విడి సందు దొరికాక పెయ్యదూడ బతికి బయటపడింది. ఆ పలక మీద నిలబడిన మనిషి ఇప్పుడు ఈ లేఖ మీద మొదటి సంతకం పెట్టాడు.

ఆ డాక్టరమ్మ ఇక్కడ ఎలా బతికిందో కూడా వినండి. క్వార్టర్సు లేదు కాబట్టి టౌనులో అద్దె గది. రోజూ స్కూటీ మీద రాకపోకలు. ఆస్పత్రిలో మరుగుదొడ్డికి తలుపు లేదు, కుళాయికి నీళ్లు లేవు. పక్కింటివాళ్లు పిలిస్తే అక్కడికి వెళ్లేది, పిలవని రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండేది. అటెండరు పోస్టు ఖాళీ. పశువును బోనులోకి ఎక్కించడం దగ్గర్నుంచి సూదులు మరగబెట్టడం, ఊడ్చుకోవడం దాకా తనే. రాత్రి పిలుపు వస్తే ఒంటరిగా పొలాల మధ్య దొడ్లకు రావాలి. వచ్చిన చోట తాగి ఉన్న మగవాళ్లు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? మా ఆడవాళ్లే ఇద్దరు ముగ్గురు తోడు వెళ్లడం మొదలుపెట్టారు. తర్వాత ఆమె గర్భవతి అయింది. అదే టైములో పెయ్యదూడలకు బ్రూసెల్లా (చూలు పశువులకు గర్భం పోగొట్టే అంటుజబ్బు) టీకా కార్యక్రమం వచ్చింది. అది బతికున్న క్రిములతో చేసిన టీకా. సూది జారి వేసేవాళ్ల వేలికి గుచ్చుకుంటే వాళ్లకే ఆ జబ్బు రావచ్చు. కడుపుతో ఉన్న మనిషి దానికి దూరంగా ఉండాలని మాకు చెప్పింది ఆమే. ఆ పని తీసుకోవడానికి రెండో డాక్టరు లేరు. చివరికి బదిలీ అడుక్కుని భర్త ఉన్న చోటికి వెళ్లిపోయింది. మేము ఆపలేదు. ఆపడానికి మాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడున్న ఇన్‌చార్జి కుర్రాడు శ్రీకాకుళం వైపు వాడు. గన్నవరంలో చదివాడు. ఎంబీబీఎస్ సీటు కొద్దిలో తప్పిపోయి ఇటొచ్చానని దాచకుండా చెప్తాడు. వచ్చాక ఇష్టం పడింది అంటాడు. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆవు, గేదె, గొర్రె, పంది, కోడి, కుక్క, గుర్రం అన్నిటి ఒళ్లూ చదవాలి, పాల పరీక్ష, మాంసం పరీక్ష కూడా నేర్చుకోవాలి. ఇంత చదివిన వాళ్లకు ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండు పెంచమని 2025లో మన పశువైద్య విద్యార్థులు తరగతులు మాని రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. పెళ్లి సంబంధాలు వస్తే 'డాక్టరంటే మనుషుల డాక్టరు అనుకున్నాం' అని లేచి వెళ్లిపోతున్నారట. నవ్వుతూనే చెప్తాడు గానీ, నడుము పట్టీ లేకుండా బండి ఎక్కలేడు. ఏదో కోడె తన్నిన తన్ను. సెలవు పెడితే రెండు ఆస్పత్రులూ ఒకేసారి మూతపడతాయని సెలవు పెట్టడు. అలాగని మా దగ్గర ఎక్కువ సేపు ఉండగలుగుతున్నాడా అంటే అదీ లేదు.

ఆయన పొద్దు ఎక్కడ పోతోందో దగ్గర్నుంచి చూసినవాళ్లం కాబట్టి చెప్తున్నాం. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయాలి. మంచి పనే, 2019లో జాతీయ కార్యక్రమంగా మొదలయ్యాక మా దగ్గర గాలికుంటు బాగా తగ్గింది. కానీ ప్రతి పశువుకూ చెవికి పోగు, దాని మీది పన్నెండు అంకెలు, యజమాని పేరు, ఫోను నంబరు, టీకా వేసిన తేదీ అన్నీ భారత్ పశుధన్ యాప్‌లో ఎక్కాలి. టీకా వేయడానికి పట్టేది నిమిషం, ఎక్కించడానికి పట్టేది సిగ్నలు దయ. 2024 అక్టోబరులో దేశమంతా 21వ పశుగణన మొదలైతే ఆ పనీ ఈ శాఖ సిబ్బంది నెత్తినే పడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ప్లాస్టిక్ సూట్లు వేసుకుని ఫారాల్లోకి దిగింది పశువైద్య సిబ్బందే. అది అత్యవసరం, మేమూ కాదనం. వీటి మీద వీడియో కాన్ఫరెన్సు, వారపు రిపోర్టు, ఎవరో వస్తున్నారని ఫోటోలు. ఇవన్నీ చేసి మిగిలిన వేళలో వైద్యం.

దీనివల్ల మాకు ఏం జరుగుతోందో అంశాలవారీగా రాస్తున్నాం.

1. కాన్పులు, పాలజ్వరం. గేదె డాక్టరు ఉన్న రోజు చూసి ఈనదు. ఎక్కువ పాలిచ్చే గేదె ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు చల్లబడి, మెడ పక్కకు తిప్పుకుని కూలబడితే అది పాలజ్వరం. రక్తంలో సున్నం పడిపోవడం వల్ల వస్తుంది. నరానికి కాల్షియం సీసా ఎక్కిస్తే చాలాసార్లు మన కళ్ల ముందే లేచి నిలబడుతుంది. అదే సీసా గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించడానికే డాక్టరు కావాలి. డాక్టరు రాని రాత్రి ఎవరో ఒకరు సీసా తగిలిస్తారు. లక్ష పోసి కొన్న గేదె తెల్లారేసరికి ఉండదు, దాని మీద డెయిరీ దగ్గర, డ్వాక్రా సంఘంలో తెచ్చిన అప్పు మాత్రం ఉంటుంది. గేదె అప్పు కట్టేది మా ఇళ్లలో ఆడవాళ్లు. పాల డబ్బుతోనే పిల్లల ఫీజులు, కిరాణా. గేదె పోయిన ఇంట్లో మొదట ఆగేది ఆడపిల్ల కాలేజీ. దీన్ని మీ టార్గెట్ల పట్టికలో ఏ గడిలో రాస్తారో మాకు తెలియదు.

2. సూది మందుల దుకాణం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులు. మిగతా సిబ్బంది చిన్న చిన్న సేవలు మాత్రమే, అదీ డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. డాక్టరు పక్క మండలంలో ఉంటే పర్యవేక్షణ ఎవరిది? ఆ ఖాళీలోకి ఎవరెవరో దిగారు. జ్వరమైనా, పొదుగువాపైనా, మేత మానినా ఒకటే యాంటీబయాటిక్. డోసు లెక్క లేదు. ఆ మందు వేశాక ఎన్నాళ్లు పాలు పోయకూడదో చెప్పేవాళ్లు లేరు. ఆ పాలు పూట పూటా పాల కేంద్రానికి వెళ్తూనే ఉన్నాయి. అవి తాగేది మీ ఊళ్లలో పిల్లలు కూడా.

3. జీవాలు. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు కోటీ డెబ్బై ఆరు లక్షలు. దేశంలో తెలంగాణ తర్వాత మనమే. లెక్క చెప్పుకోవడానికి బాగుంటుంది. మా కాపరులు ఎండాకాలం మేత కోసం మందలు తోలుకుని దూరం పోతారు, వానలకు తిరిగొస్తారు. టీకా ఆ రాకపోకల ప్రకారం పడాలి. మందు ఆస్పత్రికి వచ్చేసరికి మంద ఊళ్లో ఉండదు, మంద వచ్చేసరికి డాక్టరు ఉండడు. ఈశాన్య రుతుపవనాల వేళ దోమల్లాంటి సన్న పురుగుల కాటు ఎక్కువై నీలి నాలుక వస్తే మూతి వాచి, కాళ్లు కుంటుతూ గొర్రెలు మేత మానేస్తాయి. పీపీఆర్ (మూతి పుండ్లు, పారుడుతో వచ్చే అంటురోగం) వచ్చిందంటే గొర్రెపిల్లలు వరసగా పోతాయి. అది నీలి నాలుకో, పీపీఆరో, గాలికుంటో చూసి చెప్పే మనిషి ఉంటే కదా మందు. అన్నిటికీ మూతి పుండే కదా అని ఒకే పసుపు వేపాకు పూస్తున్నాం. టీకా సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు పోతే ఐసు పెట్టెలోకి మార్చడానికి ఆస్పత్రిలో మనిషి ఉండాలి. చెడిపోయిన టీకా కంటికి తేడాగా కనిపించదు. వేయించుకున్నామన్న ధైర్యంతో ఉంటాం, రోగం వచ్చి జీవం పోతుంది.

4. ఇన్సూరెన్సు. పశువు చనిపోతే డాక్టరు వచ్చి శవపరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తేనే క్లెయిము. పిడుగు పడినా, పాము కరిచినా, కరెంటు తీగ తగిలినా అంతే. మే నెల ఎండలో గేదె శవాన్ని ఎన్ని గంటలు ఉంచగలం? ఊరివాళ్లు ఊరుకోరు, కుక్కలు ఊరుకోవు. పూడ్చేశాక డాక్టరు వచ్చి ఏం చూసి రాయాలి? చూడకుండా రాయమని ఆయన్ను ఒత్తిడి చేసేది మేమే, రాయలేనని బతిమాలేది ఆయన. ఇద్దరినీ ఆ పరిస్థితిలోకి నెట్టింది ఖాళీ పోస్టు.

5. మనుషుల ఆరోగ్యం. ఇది మీరు ముఖ్యంగా చదవాలి. గొర్రె ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి నోటి నుంచి గడ్డకట్టని రక్తం కారితే దొమ్మ రోగమని (ఆంత్రాక్స్) అనుమానించాలి. ఆ శవాన్ని కోయకూడదు. కోస్తే కోసిన చేతికీ వస్తుంది, ఆ క్రిమి నేలలో పదుల ఏళ్లు ఉండిపోతుంది. చెవి నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేసి, లోతుగా పూడ్పించేది డాక్టరు. ఆయన లేనప్పుడు చచ్చిన గొర్రె చవగ్గా కోతకు పోతుంది. ఇంకొకటి పిచ్చికుక్క కరిచిన గేదె సంగతి. దానికి జబ్బు ముదిరినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడినట్టు చొంగ కారుస్తుంది. మావాళ్లు ఏం ఇరుక్కుందోనని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. అలా పెట్టొద్దని, పెట్టినవాళ్లు వెంటనే రేబిస్ టీకా వేయించుకోవాలని చెప్పేది ఎవరు? ఆ నోట్లో చెయ్యి పెట్టే ప్రమాదం డాక్టరుకూ ఉంది. ముందుజాగ్రత్త టీకా తన డబ్బుతో వేయించుకున్నానని డాక్టరమ్మ చెప్పినప్పుడు మాకు సిగ్గేసింది. ఈసుకుపోయిన (గర్భం పోయిన) గేదెకు మాయ తీసేటప్పుడు భుజం దాకా చెయ్యి లోపలికి పోతుంది. ఆ పొడుగు గ్లవ్సులు కూడా స్టాకు లేక, మేమే టౌను నుంచి కొనుక్కొచ్చిన సందర్భాలున్నాయి. బ్రూసెల్లా పట్టుకుంటే మనిషికి నెలల తరబడి విడిచి విడిచి జ్వరం, కీళ్ల నొప్పులు. మాయ తీసిన డాక్టరుకైనా, పచ్చిపాలు తాగిన పిల్లాడికైనా అదే జబ్బు.

6. కొత్తగా వచ్చేవాళ్లు రాకపోవడం. ఇక్కడి పరిస్థితి డాక్టర్లలో ఒకరి నుంచి ఒకరికి తెలిసిపోతుంది. కౌన్సెలింగులో మా మండలం చివరిదాకా మిగిలిపోతుందని విన్నాం. వచ్చినవాళ్లు చేరిన రోజు నుంచే బదిలీ కోసం చూస్తారు. టౌనులో కుక్కల క్లినిక్ పెట్టుకుంటే ఏసీ గదిలో కూర్చోవచ్చు, సాయంత్రం ఇంటికి వెళ్లొచ్చు. మా దొడ్డికి వస్తే బురద, తన్ను, అర్ధరాత్రి ఫోను, దాని మీద రిపోర్టు ఎందుకు లేటయిందని నోటీసు. ఎవరు ఏది ఎంచుకుంటారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మీరు ఇచ్చే జవాబులు కూడా మాకు కొంత తెలుసు. 1962 నంబరుకి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు బండి వస్తుంది కదా అంటారు. వస్తుంది, అందులో మందులుంటాయి, డాక్టరూ ఉంటారు, కూలబడిన పశువును ఎత్తే ఏర్పాటూ ఉంది. ఎంతో మేలు జరిగింది, ఆ సిబ్బందికి మా దండం. కానీ 2022లో నియోజకవర్గానికి ఒక బండి లెక్కన మొదలుపెట్టిన ఏర్పాటది. దానికీ ఊళ్ల వరస ఉంటుంది. అది వచ్చి వెళ్లాక మర్నాడు ఆ గేదె ఎలా ఉందో చూసే డాక్టరు ఊరి ఆస్పత్రిలో ఉండాలి. రైతు సేవా కేంద్రంలో సహాయకులున్నారు అంటారు. ఉన్నచోట ఉన్నారు, లేనిచోట లేరు. ఉన్నవాళ్లు కూడా డాక్టరుకు ఫోను చేసి అడిగే చేస్తారు. ఆ ఫోను మీటింగులో ఉంటే ఎత్తే దారి లేదు. ఇక నిబంధన ప్రకారం ఇంతే అంటారేమో. జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే అయిదు వేల పశు యూనిట్లకు (పెద్ద పశువు ఒకటైతే ఒక యూనిట్, గొర్రెలైతే కొన్ని కలిపి ఒకటి) ఒక డాక్టరు ఉండాలని చెప్పింది. మా మండలంలో ఎన్ని పశువులున్నాయో మీ పశుగణనలోనే ఉంది. దాన్ని యూనిట్లలోకి మార్చి అయిదు వేలతో భాగించి చూడండి. మాకు రావలసినంత మంది డాక్టర్లను మేము అడగడం లేదు, ఒక్కరిని అడుగుతున్నాం.

మా డిమాండ్లు:

1. మా మండల పశువుల ఆస్పత్రికి పూర్తికాలపు డాక్టరును నియమించాలి. ఎప్పటికో తేదీ చెప్పాలి. 'ప్రతిపాదనలు పంపబడినవి' అన్న జవాబు మేము తీసుకోం.

2. అప్పటిదాకా ఇన్‌చార్జి డాక్టరు మా ఆస్పత్రిలో వారంలో ఏయే రోజులు, ఏ వేళల్లో ఉంటారో బోర్డు మీద రాయించాలి. ఆ వేళల్లో మీటింగులకు, ఇతర డ్యూటీలకు పిలవకూడదు. రోగం ప్రబలినప్పుడు తప్ప.

3. అటెండరు, పశువైద్య సహాయకుల ఖాళీలు డాక్టరుతో పాటే నింపాలి. ఒక్క మనిషి గేదెను పట్టుకుని, సూది వేసి, రిజిస్టరు రాయడం ఎక్కడైనా ఉందా?

4. యాప్‌లో ఎక్కించే పని డాక్టరు చేతి నుంచి తీసి డేటా ఎంట్రీ మనిషికి ఇవ్వండి. మండలానికి ఒకరు చాలు.

5. క్వార్టర్సు బాగుచేయండి. అంతకంటే ముందు మరుగుదొడ్డికి తలుపు, కుళాయికి నీళ్లు, ఆవరణలో లైటు. వీటికి ఎంతో డబ్బు అవసరం లేదు. నెల లోపు కాకపోతే తలుపు మేము చందా వేసుకుని పెట్టిస్తాం, బిల్లు మీకు పంపుతాం.

6. డాక్టర్లకు, సిబ్బందికి, సహాయకులకు రేబిస్ ముందస్తు టీకా శాఖ ఖర్చుతో వేయించాలి. పొడుగు గ్లవ్సులు ఎప్పుడూ స్టాకులో ఉండాలి. ఏడాదికోసారి బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించాలి. గర్భిణులైన డాక్టర్లను బ్రూసెల్లా టీకా పని నుంచి, మాయ తీసే పని నుంచి తప్పించి, ఆ రోజులకు వేరే డాక్టరును పంపాలి.

7. రాత్రి పిలుపులకు డాక్టరుకు వాహనం, తోడు ఒక మనిషి ఇవ్వాలి. మా వంతుగా ప్రతి ఊళ్లో పిలిస్తే పలికే నలుగురి పేర్లు, ఫోను నంబర్లు ఆస్పత్రి గోడ మీద రాయిస్తాం. డాక్టరమ్మలు వస్తే తోడుకు ఆడవాళ్ల పేర్లు విడిగా ఉంటాయి. పేర్లు ఇవ్వడానికి మూడు ఊళ్లు ఇప్పటికే ఒప్పుకున్నాయి.

8. ఇన్‌చార్జి అందుబాటులో లేని రోజు పక్క మండలాల డాక్టర్లెవరైనా వచ్చి శవపరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేలా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

9. అర్జీ పెట్టినవాళ్లతో మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే అర్జీని మూయాలి. ఇది పశువుల ఆస్పత్రికి సంబంధించింది కాదని మాకు తెలుసు, అయినా రాస్తున్నాం.

ఈ విషయాల మీద మాతో నేరుగా మాట్లాడాలనుకుంటే మా ఊరికే రండి, ఆస్పత్రి ఆవరణలోనే కూర్చుందాం. పొద్దున్నే, సాయంత్రం పాలు తీసే వేళలు కాబట్టి పదకొండు గంటలకు పెట్టండి. కాపరులు కూడా రావాలంటే మందలు ఊళ్లో ఉండే కార్తీకం లోపు అయితే మంచిది. వచ్చే ముందు రోజు చెప్తే చాలు. ఇన్‌చార్జి డాక్టరును మాత్రం ఆ రోజు ఏర్పాట్లకని పిలవకండి, పక్క మండలంలో ఆయనకు పని ఉంటుంది.

ఇట్లు,
మండలంలోని పాడి రైతులు, జీవాల కాపరులు
(సంతకాలు, వేలిముద్రలు అసలు ప్రతితో జతచేశాం)